వెనక సీటు, పెద్ద క్యామ్

నా గొంతు ఫోనులో విన్నవాళ్లు మగమనిషి అనుకుంటారు. చిన్నతనం నుంచి మిరప కల్లాల్లో ఘాటు పీల్చాను. పెళ్లయ్యాక ఇరవై ఏళ్లు చెవిటి మొగుడితో అరిచి మాట్లాడాను. ఇంకేం గొంతు మిగులుతుంది? సంతకం పెట్టడం వచ్చు, బైబిల్లో పెద్ద అక్షరాలు కూడబలుక్కోవడం వచ్చు, అంతే నా చదువు. అందుకని నేను చెబుతుంటే మా చర్చి సంఘంలో రిటైరైన టీచరమ్మ రాస్తోంది. నా మాటలు సరిచేస్తే చేయండమ్మా, నేను చేసిన పని మాత్రం సరిచేసి రాయొద్దు అని ముందే చెప్పాను.

మా ఆయన చీమకుర్తిలో రాయి కోసే రంపం దగ్గర పనిచేసి చెవులు పోగొట్టుకున్నాడు. ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లో కూడా చేరిందని అప్పటికి మాకు తెలియదు. రంపం పని మానేసి పొదిలి రోడ్డు పక్కన రేకుల షెడ్డు వేసుకుని మోటారు సైకిళ్లు బాగుచేసేవాడు. షెడ్డు వెనకే మా ఇల్లు. పిల్లలు లేరు. ఇంజను చప్పుడు వినపడనివాడు ఏం మెకానిక్ అని మొదట్లో జనం నవ్వారు. వినడానికి నేనున్నాను.

అది ఎలా మొదలైందంటే, నేను కల్లంలో మిరపకాయల ఎండు చూసేదాన్ని. కాయను చెవి దగ్గర పెట్టి ఊపితే లోపల గింజలు గలగలమనాలి. చప్పుడు రాకపోతే ఇంకా తేమ ఉన్నట్టు, బస్తాలోకెక్కితే బూజు పడుతుంది. చేత్తో నలిపి చూసేవాళ్లకంటే నా చెవి ముందు చెప్పేసేది. ఒకరోజు ఆయన పొడుగాటి స్క్రూడ్రైవరు మొన ఇంజను మీద ఆనించి, దాని చెక్క పిడి నా చెవి వెనక ఎముకకు ఆనించాడు. "ఏం వినపడతందో చెప్పవే" అన్నాడు. "ఎండుకాయ ఊపినట్టు గలగలమంటంది" అన్నాను. ఆయన ముఖం వెలిగిపోయింది. ఇంజను నెత్తిన వాల్వులు కొట్టుకునే చప్పుడట అది. అలా ఉంటేనే ఆరోగ్యం, మరీ చప్పుడు లేకుండా బిగిసిపోతే వాల్వులు మాడిపోతాయట. అచ్చం మిరపకాయ లెక్కే.

అప్పటినుంచి మాకు కొన్ని మాటలు కుదిరాయి. గలగల అంటే బాగున్నట్టు. గరగర అంటే బేరింగు పోయినట్టు. టకటక అంటే ఇనుము ఇనుముని కొడుతున్నట్టు, వెంటనే ఆపేయాలి. నేను వంటింట్లోంచి వచ్చి, చెయ్యి కొంగుకు తుడుచుకుని, స్క్రూడ్రైవరు చెవికి పెట్టుకుని ఆ మూడింట్లో ఏదో ఒకటి అరిచేదాన్ని. ఆయన దాన్నిబట్టి చేసేవాడు. ఎప్పుడూ నా మాటకు ఎదురు ప్రశ్న వేయలేదు.

షెడ్డులో ఒక పెద్ద బండి ఉండేది. వంకర హ్యాండిలు, కిందికి ఉండే సీటు, కాళ్లు ముందుకు చాపుకుని నడిపే రకం. ఒక క్వారీ యజమాని దాన్ని పాత ఇనుముకు వేయబోతుంటే ఈయన అడిగి తెచ్చుకున్నాడు. ఏడాదిపాటు తుడిచి, అతికించి, నడిచేలా చేశాడు. వెనక సీటు చిరిగిపోయి ఉంటే మా చేలో ఏరిన పత్తి కూరి నా కోసం మళ్లీ కుట్టించాడు. ప్రతి ఆదివారం ఆ బండి మీదే చర్చికి వెళ్లేవాళ్లం. ఆరాధన అయ్యాక తిన్నగా ఇంటికి రాకుండా పొదిలి దాకా పోయి, టీ తాగి వచ్చేవాళ్లం.

ఆ గంటన్నర నాకెంతో చెబితే మీకు నవ్వొస్తుంది. వారమంతా ఆయనతో ఏ మాటైనా ఊరంతా వినేటట్టు అరవాలి. కూర ఏం చేయమంటావనీ అరవాలి, కడుపులో నొప్పనీ అరవాలి. బండి మీద అరవక్కర్లేదు. భుజం మీద ఒకసారి తడితే ఆపమని, రెండుసార్లు తడితే నెమ్మదిగా పొమ్మని. మిగతా దారంతా ఆయన వీపుకు చెంప ఆనించి ఊరుకునేదాన్ని. రెండు పక్కలా పత్తిచేలు, మిరపచేలు. ఆ కాసేపే నా గొంతుకు సెలవు.

అలాంటి బండికి క్యామ్ మార్చాలని ఆయనకు బుద్ధి పుట్టింది. క్యామ్ అంటే ఏమిటో నాకు కోడిగుడ్డు పట్టుకుని చూపించాడు. "చూడవే, ఈ గుడ్డు ఇట్టా తిరగతా ఉంటది. లావుగా ఉన్నవైపు ఏమీ చేయదు. మొనవైపు వచ్చినప్పుడు వాల్వుని లేపుద్ది. వాల్వు లేస్తే ఇంజను ఊపిరి పీలుస్తది. మొన ఎంత ఎత్తుంటే అంత లేపుద్ది, ఎంత వెడల్పుంటే అంతసేపు తెరిచి ఉంచుద్ది." నేను గుడ్డు లాక్కుని, "పగలగొట్టకు, అట్టు వేయాల" అన్నాను.

"నీకు అర్థం కాలేదు" అన్నాడు.

"అయింది. దీనికి ఇప్పుడు ఊపిరి చాలదంటన్నావు."

"అదీ! నాకు చెవుల్లేకపోయినా వెన్నుతో వింటన్నా. వేగం పైకి పోయేకొద్దీ ఉక్కిరిబిక్కిరైపోతంది పాపం. దాన్నయినా గట్టిగా ఊపిరి తీసుకోనీ."

అప్పటికే ఆయనకు నాలుగు అడుగులు వేస్తే ఆయాసం. ఆ మాట బండి గురించే అన్నాడనుకుని లోపలికి వెళ్లిపోయాను.

ఒంగోల్లో లేత్ పనివాడు ఒకడున్నాడు. మాకు బంధువు కాదు గానీ ఆయన్ని అన్నా అనీ నన్ను వదినా అనీ పిలుస్తాడు. క్యాములు వాడి దగ్గరే దొరుకుతాయి. ఫోనులో వాడు చెప్పింది ఆయనకు వినపడదు కాబట్టి మధ్యలో నేను.

"వదినా, అన్నకి చెప్పు, మూడు రకాలున్నయ్" అన్నాడు. "మొదటిది ఇప్పుడున్నదానికి కాస్త మెరుగు. కింద, నెమ్మది మీద, లాగుడు బాగుంటది. ఇద్దరెక్కి మెట్ట ఎక్కినా గేరు దించే పన్లేదు. రెండోది మధ్యరకం. మూడోది పెద్దది. పైన, వేగం మీద మాత్రం ఎట్టా పోద్దో చెప్పలేను, అంత బాగుంటది. కానీ కింద బరువు లాగదు. ఆగి ఉన్నప్పుడు కూడా తడబడతా ఆడుద్ది, భయపడొద్దని చెప్పు, దాని తీరే అంత."

నేను ఆయన చెవిలో అరిచి ఒక్కొక్కటీ చెప్పాను. మొదటిది చెప్పినప్పుడు తల ఊపాడు. మధ్యరకానికి పెదవి విరిచాడు. మూడోదానికి వచ్చేసరికి కళ్లు పెద్దవి చేశాడు. వాడు కింద బరువు లాగదు అన్నాడు. నేను మాత్రం, "అది పెడితే నేను ఎక్కగూడదంట!" అని అరిచాను.

ఆయన నవ్వాడు. "ఒకటిన్నర టిక్కీ ఉంటివి. నిన్నేసుకుని అదెట్టా లేస్తదే? నువ్వు ఆటోలో రా చర్చికి!"

టిక్కీ అంటే మిరపకాయల బస్తా. రోడ్డవతల టీకొట్టు దగ్గర కూర్చున్నవాళ్లంతా విని పగలబడి నవ్వారు. నేనూ నవ్వాను. "సరేలేవయ్యా, నీ బండి నీ ఇష్టం" అన్నాను. మొదటిది పెట్టమనో, మధ్యరకం చాలనో, నాకు ఆదివారాలు కావాలనో అప్పుడే చెప్పి ఉండొచ్చు. ఆ మాట కూడా అరవాలి కదా, టీకొట్టు ముందు. సిగ్గేసింది.

ఆయన ఒంగోలు వెళ్లి పెద్ద క్యామ్ తెచ్చాడు. పిల్లవాడికి బట్టలు మడిచి తెచ్చినట్టు తువ్వాల్లో చుట్టి తెచ్చాడు. పెద్ద క్యామ్ పెట్టేటప్పుడు ఒక ప్రమాదం ఉందట. వాల్వు ఎక్కువ కిందికి దిగుతుంది కాబట్టి, కింది నుంచి పైకొచ్చే పిస్టనుకు తగిలితే ఇంజను నాశనం. రెండింటి మధ్య ఎంత సందుందో ముందే చూసుకోవాలి. దానికి ఆయన పద్ధతి ఏమిటంటే నా వంటింట్లో గోధుమపిండి. పూరీకి కలిపినంత గట్టిగా కలిపి ఇమ్మన్నాడు. హెడ్డు, అంటే ఇంజను నెత్తిన ఉండే మూత విప్పి, పిస్టను నెత్తిన పిండి బిళ్ల అద్ది, పైన నూనె రాసి, మళ్లీ హెడ్డు బిగించి, చేత్తో మెల్లగా రెండు చుట్లు తిప్పాడు. మళ్లీ విప్పితే పిండి మీద వాల్వుల అచ్చు పడి ఉంది. బ్లేడుతో ఆ పిండిని అడ్డంగా కోసి, ఎక్కడ పల్చగా ఉందో కొలత పెట్టి చూశాడు.

"చాలా ఉంది సందు. చాలినంత కంటే ఎక్కువే ఉంది" అని నాకు వేలితో చూపించాడు. నేను కూడా చూశాను. బిళ్ల ఎక్కడా తెగలేదు. ఆ పిండి అబద్ధం చెప్పలేదు.

అన్నీ బిగించేసరికి మర్నాడు మధ్యాహ్నమైంది. స్టార్టు చేయడానికి ముందు ఆయన వెనక సీటు విప్పి పక్కన మిరప గోతాల మీద పెట్టాడు. నా పత్తి సీటు. ఎందుకు విప్పాడో నేను అడగలేదు. మొదటిసారి తిప్పి చూడటానికి బరువు లేకుండానా, కింద వైరు ఏదన్నా చూసుకోవడానికా, ఇక నాకు అక్కర్లేదనా? అడిగితే ఒక్క నిమిషంలో తేలిపోయేది. నేను ఆ సీటునే చూస్తూ నిలబడ్డాను.

ఇంజను అందుకుంది. ఆయన స్క్రూడ్రైవరు నా చేతికిచ్చి, "ఎట్టా ఉంది?" అన్నాడు.

చెవికి పెట్టుకున్నాను. ఆగి ఉన్నప్పుడు తడబడుతోంది, లేత్ వాడు చెప్పినట్టే. ఆయన యాక్సిలేటరు తిప్పాడు. తడబాటు పోయి ఒక్కసారిగా సాఫీ అయింది. పైన గలగల. బాగా ఎండిన కాయ, మొదటి రకం కాయ ఊపినట్టు. అంత శుభ్రమైన చప్పుడు ఆ షెడ్డులో నేనెప్పుడూ వినలేదు.

"టకటక" అన్నాను.

ఆయనకు అందలేదనుకుని ఇంకోసారి అరిచాను కూడా. "టకటకమంటంది లోపల!"

ఠక్కున ఆపేశాడు. ముఖంలో రక్తం లేదు. కూర్చుని మళ్లీ మొత్తం విప్పాడు. మళ్లీ పిండి అడిగాడు. నేనే కలిపి ఇచ్చాను. మళ్లీ తిప్పాడు, కోశాడు, కొలిచాడు. అంతే సందు. వాల్వులు, పిస్టను దీపం పెట్టి చూశాడు, గీత లేదు. ఇదంతా చేయడానికి రెండు రోజులు పట్టింది, మధ్యమధ్య ఆయాసంతో గోడకు ఆనుకుని. మళ్లీ స్టార్టు చేసి స్క్రూడ్రైవరు నా చేతికిచ్చాడు.

"ఇప్పుడు?"

అప్పుడైనా పోయిందని చెబితే సరిపోయేది. ఆయన బాగుచేశాననుకునేవాడు, నేను తప్పించుకునేదాన్ని. సీటు ఇంకా గోతాల మీదే ఉంది.

"ఇంకా ఉంది" అన్నాను.

ఆయన కోసిన పిండి ముక్కను అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూశాడు. "పిండి సరిగ్గా ఉందంటంది. నీ చెవి లేదంటంది. నీ చెవి తప్పదులే. నా చెయ్యే యాడనో తప్పింది" అన్నాడు.

ఆ పెద్ద క్యామ్‌కు గ్రీజు రాసి, తెచ్చిన తువ్వాల్లోనే చుట్టి రేకుల కింద అటక మీద పెట్టాడు. పాతది ఎక్కించాడు. సీటు బిగించాడు. "పోయిందా?" అంటే "పోయింది" అన్నాను. ఆ ఆదివారం నేను వెనక కూర్చున్నాను. భుజం మీద చెయ్యి వేస్తే ఆ భుజం వంగి ఉంది. పొదిలి దాకా పోలేదు, చర్చి నుంచి తిన్నగా ఇంటికి తెచ్చేశాడు.

తర్వాతి వారం చిలకలూరిపేట వైపు నుంచి ఒకతను ఇంజను పని కోసం బండి ట్రాలీలో వేసుకొచ్చాడు. వంటింట్లోంచి వింటున్నాను. మా ఆయన, "హెడ్డు విప్పే పని చేయట్లేదయ్యా. చెవుల్లేవు, ఇప్పుడు చెయ్యి కూడా పోయింది. ఒంగోలు తీసకపో" అన్నాడు. అతను బతిమాలాడు. ఈయన ఒప్పుకోలేదు. అక్కడినుంచి పంక్చర్లు, ఆయిలు మార్చడం, బ్రేకులు, అంతే. ఆయన సానబెట్టి పెట్టుకున్న పనిముట్లు పెట్టెలో తుప్పు పట్టాయి. స్క్రూడ్రైవరు పట్టుకుని రమ్మని నన్ను పిలవడం కూడా మానేశాడు. ఆదివారాలు దక్కించుకుందామని చేసిన దానికి రోజూ నన్ను పిలిచే పిలుపే పోయింది.

చెబుదామని చాలాసార్లు నోరు తెరిచాను. ఏ మాటైనా మెల్లగా చెప్పే వీలు మా మధ్య లేదు. బండి మీద వీపు తట్టి చెబుదామంటే ఒకసారికీ రెండుసార్లకీ అర్థాలున్నాయి గానీ దీనికి ఎన్నిసార్లు తట్టాలో మేం అనుకోలేదు.

రెండేళ్లకు ఊపిరితిత్తులు పూర్తిగా చెడిపోయాయి. ఆస్పత్రి వార్డులో ముక్కుకు గొట్టం పెట్టి పడుకోబెట్టారు. ఒక సాయంత్రం తెగించి ఆయన చెవి దగ్గర వంగి, "ఆ పెద్ద క్యామ్ ఉంది చూడు" అని అరిచాను. వార్డంతా నావైపు తిరిగింది. నర్సు వేలు పెదవి మీద పెట్టుకుంది. మిగతాది అరవకుండా ఆపేశాను.

ఆయన చెయ్యెత్తి గొట్టం పక్కకు జరుపుకున్నాడు. "అది మంచిదేనే. పారేయబాక. చెయ్యి తిరిగినోడు ఎవడన్నా ఉంటే ఇచ్చెయ్" అన్నాడు.

నేను గొట్టం సరిచేసి దుప్పటి కప్పాను. నాలుగో రోజున పోయాడు.

మొన్న పత్తి తీతలప్పుడు లేత్ పనివాడు వచ్చాడు. చావుకు వచ్చినప్పుడు ఏడ్చి వెళ్లినవాడు మళ్లీ ఇప్పుడే రావడం. సంచిలోంచి ఒక ఇనుప చక్రం తీశాడు. బండి వెనక చైను ఉండే చక్రం.

"ఇది అన్నదే వదినా. క్యామ్ తీసకపోయిన రోజు చేసిపెట్టమన్నాడు. మళ్లీ రాలేదు. నా కొట్టులోనే పడుంది, చూసినప్పుడల్లా మనసు పీకతంది."

"ఎందుకంట ఇది?"

"రెండు పళ్లు ఎక్కువేయించాడు. పెద్ద క్యామ్ కింద లాగదు గదా, ఈ చక్రం పెడితే ఇద్దర్నీ లాగుద్ది. పైన వేగం కొంచెం తగ్గుద్దన్నా అని చెప్పా. తగ్గితే తగ్గనీరా, మీ వదిన్ని ఆటోలో పంపితే నన్ను బతకనిస్తదా అన్నాడు."

చక్రం బరువుగా ఉంది. దాన్ని ఒళ్లో పెట్టుకుని కూర్చుండిపోయాను.

వాడు షెడ్డులో బండి చుట్టూ తిరిగి, "అసలు ఆ క్యామ్ ఎందుకు తీసేశాడు వదినా? నా చేత్తో అరగదీసిందే, అందులో తేడా రాదే?" అన్నాడు.

చెప్పాను. వాడికి చెవులు బాగానే ఉన్నాయి, మెల్లగా చెప్పొచ్చు. నాకు మెల్లగా చెప్పడం రాదు. మొత్తం అరిచే చెప్పాను. బాగున్న ఇంజను బాగాలేదన్నాను, రెండుసార్లు అన్నాను, ఆయన చెయ్యి ఎక్కడా తప్పలేదు, తప్పింది నా నోరు. టీకొట్టు దగ్గర మాటలు ఆగిపోయాయి. అక్కడ కూర్చున్న ఒక పెద్దాయన లేచి రోడ్డు దాటి వచ్చాడు. "నా బండి హెడ్డు కూడా విప్పనని పంపించేశాడమ్మా అప్పుడు. పొగరెక్కిందనుకున్నా. నలుగురికీ చెప్పా కూడా" అన్నాడు.

"పొగరు కాదు. ఇప్పుడు ఆ నలుగురికీ ఇది చెప్పు" అన్నాను.

లేత్ వాడు నన్ను ఊరడించలేదు, తిట్టలేదు. "క్యామ్ యాడుంది?" అన్నాడు.

అటక మీంచి తువ్వాలు మూట దించి ఇచ్చాను. గ్రీజు అలాగే ఉంది, చిన్న తుప్పు మచ్చ కూడా లేదు. వాడు హెడ్డు విప్పాడు. నేను పిండి కలిపాను, పూరీకి కలిపినంత గట్టిగా. కోసి చూస్తే ఆ రోజు ఎంత మందం ఉందో అంతే ఉంది. కొత్త చక్రం కూడా బిగించాడు. సీటు విప్పబోతే వద్దన్నాను.

స్టార్టు చేశాక స్క్రూడ్రైవరు చెవికి పెట్టుకున్నాను. వాడు నా ముఖంలోకి చూస్తున్నాడు గానీ నేను వాడికి ఏమీ చెప్పలేదు.

"ఎక్కు వదినా, వెనక కూర్చో. పొదిలి దాకా పోయొద్దాం" అన్నాడు.

"నువ్వు పోయిరా" అన్నాను.

వాడు రోడ్డెక్కాడు. రాళ్ల లారీ ఒకటి హారను కొడుతూ పోయింది, అది దాటాక మళ్లీ బండి చప్పుడు దొరికింది. మిరపచేలు దాటి, మెట్ట ఎక్కుతూ, ఎక్కడా గేరు దించకుండా పోతోంది. అది నా చెవికి అందినంత దూరం నిలబడి విన్నాను. తర్వాత షెడ్డులోకి తిరిగి, ఆయన కూర్చునే స్టూలు వైపు, ఆయనకు వినపడేటంత గట్టిగా చెప్పాను.

"ఆగినప్పుడు తడబడతంది, దాని తీరే అంత. పైకి పోతే గలగల. యాడా టకటక లేదయ్యా."